జాకీ కింద చెక్క

పాత జీపు కొన్నవాడికి ఊరంతా గురువులే. భిలాయిలో, స్మృతి నగర్ లాంటి కాలనీలో, ఇంటి ముందు ఒక పాత మహీంద్రా నిలబెడితే చాలు. టైర్లు పెద్దవి వెయ్యమని ఒకరు, ముందు వించి బిగించమని ఇంకొకరు, కమాన్ కట్టల్లో ఆకులు పెంచి బండిని నాలుగు అంగుళాలు లేపమని వేరొకరు. అందరూ మేలు కోరేవాళ్లే, చాలామంది తమ బండి మీద చేసి చూసినవాళ్లే. అయినా ఈ సలహాల్లో సగం ఎప్పుడూ మిగిలిపోతుంది. ఏం బిగించారో చెబుతారు, బిగించిన తర్వాత ఏది అరిగిందో చెప్పరు. పాత బండి విషయంలో ఒక యజమాని ఇంకొకరికి ఇవ్వగల అసలైన సరుకు ఆ చెప్పని సగమేనని నా వాదన.

ఆ బండి ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత మన రోడ్ల మీద స్థిరపడిన సీజే-3బీ మోడల్ జీపుకు అంత ఎత్తయిన బానెట్ అందం కోసం పెట్టలేదు. ఇన్‌టేక్ వాల్వులు పైకి చేరిన హరికేన్ ఇంజన్ పాత బానెట్ కింద పట్టలేదు, అందుకే రేకు లేచింది. ఒకటి మారితే ఇంకొకటి మారక తప్పదని తయారు చేసినవాళ్లకు తెలుసు. మనమే ఆ సంగతి మరిచి, 6.00-16 టైరు తీసేసి 31 అంగుళాల టైరు ఎక్కిస్తాం. పాత చక్రం ఎత్తు సుమారు 29 అంగుళాలు. తేడా దాదాపు ఏడు శాతం. అంటే స్పీడోమీటర్ ఆరేడు శాతం తక్కువ చూపిస్తుంది, ప్రతి గేరూ అంతమేరకు బరువెక్కుతుంది, బ్రేకు డ్రమ్ములు మాత్రం పాతవే ఉండిపోతాయి. పెరిగిన చక్రం బరువు కింగ్‌పిన్ బేరింగుల మీదా స్టీరింగు మీదా పడుతుంది. బండిని పైకి లేపితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి యూజే క్రాసులు త్వరగా పోతాయి, బ్రేకు గొట్టాలు పొడవు చాలక బిగుసుకుంటాయి. వించి ఇనుము బరువుకు ముందు కమాన్లు కుంగుతాయి, ఆ కుంగుడు సరిచేయడానికి మళ్లీ ఒక ఆకు వేస్తారు. కొన్న వస్తువు ఒకటి, పడిన ఖర్చులు నాలుగు.

ఈ లెక్క భిలాయివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన అవసరం లేదు. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే పిల్లాపాపలతో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు షట్‌డౌన్, క్యాపిటల్ రిపేర్ అనే మాటలు ఇంట్లో పప్పు, ఉప్పు లాంటివి. కొలిమి బాగానే మండుతున్నా, లోపలి ఇటుక ఎంత అరిగిందో అంచనా కట్టి ముందుగానే ఆపుతారు. ఆగిపోయాక బాగు చేయడం వేరు, ఆగకుండా చూసుకోవడం వేరని ప్లాంటు నేర్పింది. చిత్రమేమిటంటే, అదే మనిషి డ్యూటీ దిగి సొంత బండి దగ్గరికి వచ్చేసరికి కమాన్ షాకిళ్లకు గ్రీజు కొట్టడం వాయిదా వేసి, లైట్ల బార్ ధర అడుగుతాడు. గ్రీజు ఎవరికీ కనబడదు మరి!

ఇంత గొడవెందుకు, కంపెనీ పుస్తకం ఉంది, మెకానిక్ ఉన్నాడు, వాళ్లు చాలరా అని అడగవచ్చు. మెకానిక్‌ను తీసిపారేయలేం. కానీ పుస్తకం రాసిన రోజున లేని సంగతులు తర్వాత చాలా వచ్చాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం పూతతో కాపాడుకున్న పాత వాల్వు సీట్లకు ఆ కవచం పోయింది. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఆ కాలపు రబ్బరు గొట్టాలను, కార్బురేటర్ లోపలి వాషర్లను అది ఉబ్బిస్తుంది, పగలగొడుతుంది. ఇథనాల్ గాలిలోని తేమనూ పీలుస్తుంది కనుక నెలలకొద్దీ నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పుకు దారి తీస్తుంది. గేర్ ఆయిల్ విషయమూ అంతే. ఇరుసు హౌసింగులో క్రౌన్ పినియన్‌కు పనికొచ్చే జీఎల్-5 నూనెను గేర్‌బాక్సులో కూడా పోస్తే, అందులోని గంధకపు రసాయనం ఇత్తడి సింక్రో రింగులను తినే ప్రమాదం ఉంది. అక్కడ జీఎల్-4 పోయాలి. దుకాణంలో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి చోటే ముందు దెబ్బ తిన్నవాడి మాట పుస్తకం కంటే విలువైనది.

అయితే ఆ మాటకు నేల కూడా జత కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో కన్హార్ అనే నల్లరేగడి వానాకాలంలో చక్రానికి పిండిలా పట్టుకుంటుంది. దానికి వెడల్పాటి సందులున్న మట్టి టైరు కావాలి, సందులు బురద విదిల్చుకుంటాయి కనుక. అదే టైరు దల్లి-రాజహరా గనుల దారిలో, తారు రోడ్డు మీద, హోరుతో తొందరగా అరుగుతుంది. అక్కడ అసలు శత్రువు ఎర్ర దుమ్ము, కనుక టైరు కంటే ఎయిర్ క్లీనరు ముందు. వాగు దాటేవాళ్ల చిక్కు ఇంకొకటి. వేడెక్కిన ఇరుసు హౌసింగు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడే బ్రీదర్ రంధ్రం దగ్గరా సీళ్ల దగ్గరా నీటిని లోపలికి లాగుతుంది. నూనె పాలలా తెల్లబడితే జరిగింది అదే. బ్రీదర్‌కు ఒక గొట్టం తగిలించి బానెట్ కిందకు ఎక్కిస్తే అక్కడికి ఆ బాధ తీరుతుంది. పదివేలకు పైన ఖర్చయ్యే సామాను గురించి చెప్పినంత ఉత్సాహంగా ఈ గొట్టం గురించి ఎవరూ చెప్పరు.

బండి నాది, ఎలా ఉంచుకుంటే నీకేం అనే వాదనకు చట్టం కొంత జవాబిచ్చింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి రూపు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. బండి ముందు బిగించే గుద్దుడు కడ్డీలను (బుల్ బార్లను) కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వద్దంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అక్కడ నిలబడేది అసలు రూపంలో ఉన్న బండే. ఇక పొగ గురించిన అభ్యంతరం. నల్లపొగ కక్కే డీజిల్ జీపును నేను వెనకేసుకురాను. ఇంజెక్టర్లు సరిచేయించలేనివాడు దాన్ని రోడ్డెక్కించకూడదు. కానీ ఆ పొగ మీద ఫిర్యాదు చేసేవారు గుర్తించాల్సింది ఒకటుంది, బాగోగులు చూసుకునే యజమాని దగ్గర ఆ పొగ తగ్గుతుంది, లైట్లు బిగించే యజమాని దగ్గర తగ్గదు.

ఇన్నీ అయ్యాక సామాను కొనాలనే ఉబలాటం మిగిలితే కొనాల్సినవి లేకపోలేదు. ఒక ఫ్యాన్ బెల్టు, ట్యూబు, బరువుకు తగిన లాగుడు తాడు, దానికి తగ్గ షాకిల్. అన్నిటికంటే ముందు, జాకీ కింద పెట్టుకునే మందపాటి చెక్క ఒకటి. రేగడిలో చక్రం దిగినప్పుడు జాకీ బండిని పైకి లేపదు, తానే నేలలోకి దిగుతుంది. చెక్క ఉంటే బరువు పరుచుకుని బండి లేస్తుంది. కర్రల డిపోలో మిగిలిన ముక్కే సరిపోతుంది.