కాఫీ చేయలేని పని

మన ఇళ్ళల్లో కాఫీకి లేని అధికారం లేదు. తలనొప్పికి కాఫీ, చుట్టాలొస్తే కాఫీ, అలిగినవాళ్ళని బుజ్జగించడానికి కాఫీ. పొద్దున్నే చిక్కటి డికాక్షన్ పడకపోతే నా నవలల్లో నాయిక మంచం దిగదు. అలాంటి కాఫీ చివరికి బీరులోకి కూడా దూరిందంటే ఏమనాలో మీరే చెప్పండి!

కిందటేడు అమెరికాలో మా తమ్ముడింటికి వెళ్ళాను. గరాజులో ఓ మూల పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము బుడుంగు బుడుంగుమంటోంది.

"ఏమిట్రా అది?"

"బీరక్కా."

నాకు బీరకాయ అని వినిపించింది. సంగతి తెలిశాక నోరు నొక్కుకున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు నేను బళ్ళో చదువుకుంటున్నాను. తాగుడంటే కూలిన సంసారాలే గుర్తొచ్చే రోజుల్లో పెరిగినదాన్ని. ఇంట్లోనే, పెళ్ళాం చూస్తుండగా, కొలతలు రాసుకుని మరీ బీరు కాయడమేమిటి?

"పోలీసులు పట్టుకోరూ?" అన్నాను.

1978లోనే అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇంటి వాడకానికి అనుమతిస్తూ చట్టం చేసిందట. పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. అమ్మడానికి మాత్రం వీల్లేదు.

వాడు చేసేది స్టౌట్ అనే నల్ల బీరు. మాడేంతగా వేయించిన బార్లీ వల్ల దానికా నలుపు. ఆ వాసన కూడా కొంచెం కాఫీ వాసనే. అందుకే కాఫీ అందులో ఇమిడిపోతుందిట. బార్లీ కషాయంతోపాటే కాఫీ పొడినీ మరిగిస్తే చేదు తిరుగుతుంది, సువాసన ఆవిరైపోతుంది. కాబట్టి బీరు పులియడం పూర్తయ్యాక, బరకపొడిని చన్నీళ్ళలో 12 గంటల పైన ఫ్రిజ్జులో నానబెట్టి, వడకట్టి, ఆ డికాక్షన్ కలుపుతాడు. కాఫీ గింజల్లోని నూనె ఎక్కువ దిగితే నురగ నిలవదట. ఇక గిన్నెలూ గొట్టాలూ వాడు కడిగే తీరు చూస్తే, మడి కట్టుకున్న మా నాయనమ్మే గుర్తొచ్చింది! డికాక్షన్ మరిగిస్తే చెడుతుందని తెలుసుకోవడానికి వాడు నాలుగు పుస్తకాలు తిరగేశాడు. అమ్మనడిగితే ఒక్క ముక్కలో చెప్పేది.

ఇంతవరకూ వేడుకే. శనివారం రాత్రి వాడి స్నేహితుడొకతను భార్యతో, పాపతో భోజనానికొచ్చాడు. మూడు గ్లాసులు ఖాళీ చేశాడు. బయల్దేరుతూ కారు తాళాలు తీసి, "నాకేం ఫర్వాలేదండీ, ఇందులో కాఫీ ఉందిగా! మత్తు దానంతటదే దిగిపోతుంది" అన్నాడు నవ్వుతూ.

ఆ అమ్మాయి నవ్వలేదు. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"నీకు కారు నడపడం వచ్చా అమ్మా?" అని మెల్లగా అడిగాను.

"వచ్చండీ. రోజూ ఆఫీసుకి నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఆయన పక్కనుంటే మాత్రం తాళాలివ్వరు."

తాగినవాడికి మజ్జిగో కాఫీయో పట్టిస్తే చాలనుకుంటాం మనం. నిజానికి ఒంట్లో చేరిన మద్యాన్ని కరిగించేది కాలేయం. అది తన నిదానాన తాను పనిచేస్తుంది. కాఫీ పోసినంత మాత్రాన తొందరపడదు. కాఫీ నిద్రమత్తును కాస్త ఆపుతుంది, తూలుతున్నవాడికి తాను తూలడం లేదన్న ధైర్యమిస్తుంది. కెఫీన్ విడిగా కలిపిన మద్యం అమ్ముతున్న నాలుగు కంపెనీలను 2010లో అమెరికా ఆహార, ఔషధ శాఖ హెచ్చరించింది కూడా ఇందుకే. మావాడి బీరులో కాఫీ పాలు తక్కువే. కానీ ఆ పెద్దమనిషి ధైర్యానికి కాఫీ అన్న పేరే చాలింది.

"తాళాలు ఇలా ఇవ్వు నాయనా" అని చెయ్యి చాపాను. అతను మా తమ్ముడి వంక చూశాడు. వాడు నేల చూపులు చూశాడు.

"వదిన అడుగుతున్నారు, ఇచ్చెయ్యండన్నయ్యగారూ" అంది మా మరదలు.

పెద్దదాన్నన్న గౌరవంతోనో, విసుగుతోనో, మొత్తానికి ఇచ్చాడు. ఆ అమ్మాయి పాపను వెనకసీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి, అద్దం సరిచేసుకుని, బండిని నిమ్మళంగా రోడ్డెక్కించింది.

మర్నాడు మరదలితో ఒకటే చెప్పాను. "గ్లాసులు బల్ల మీదికి రాకముందే తాళాలు అడిగి పుచ్చుకో. తరవాత అడిగితే పోట్లాట, ముందే అడిగితే మర్యాద." వచ్చినవాళ్ళ చెప్పుల పక్కనే ఇప్పుడు ఆ ఇంట్లో తాళాలకో గిన్నె ఉందట.

కాఫీ మనిషిని మేలుకొలపగలదు. కానీ మేలుకున్నవాడల్లా తెలివిలో ఉన్నట్టు కాదుగా!