గండి దిగి ఎక్కడం

క్షయ అనే మాటను మన ఇళ్ళలో ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు. పెళ్ళికెదిగిన పిల్లలున్న ఇళ్ళలో అయితే బొత్తిగా పలకనే పలకరు. నాకు ఆ జబ్బు వచ్చింది, నయమైంది. కనుక ఈ పత్రిక చదివే నలుగురి ముందూ పెద్దగానే చెబుతున్నాను. ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగోవంతు మంది మన దేశంలోనే వున్నారట. వారిలో ఒకణ్ణయినందుకు తలవంచుకోవలసిన పని నాకు కనిపించలేదు.

2023 ఆగస్టులో సంగతి తేలింది. మందులు ఆరునెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు. మనిషి బరువును బట్టి మాత్రల లెక్క. వేసుకోవడం మొదలుపెట్టగానే మూత్రం నారింజరంగుకు తిరిగితే మా ఆవిడ హడలిపోయింది. అది మందు గుణమేనని నర్సమ్మ నవ్వి చెప్పింది. ఆహారం నిమిత్తం ప్రభుత్వంవారు అప్పట్లో నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు; 2024 నవంబరు నుంచి దానిని 1,000 చేశారు. 2024 ఫిబ్రవరి ఆఖరుకు, కఫంలో క్రిమి లేదన్న కాగితం నా చేతికి వచ్చింది.

కాగితం వచ్చింది గాని బలం రాలేదు. 61 కిలోల మనిషిని 47కు దిగిపోయాను. ఆఫీసులో నా బల్ల రెండో అంతస్తులో వుంది. ఫైళ్ళు చంకన పెట్టుకొని ఎక్కుతూ వుంటే మధ్యలో ఒకసారి గోడ పట్టుకొని నిలబడవలసి వచ్చేది. అది చూసి ఒకాయన "ఇంకా పూర్తిగా పోలేదేమో" అని పక్కవాడితో అన్నాడు. నా నీళ్ళ లోటాను ఎవరో తీసి దూరపు కిటికీలో పెట్టారు. సరైన మందులు పడిన కొద్ది వారాలకే అంటించే గుణం సాధారణంగా పోతుందని బల్లబల్లకూ వెళ్ళి చెప్పుకోలేను గదా! గోడ పట్టుకోకుండా మెట్లెక్కితే ఆ మాట నేను చెప్పకుండానే అందరికీ తెలుస్తుందనిపించింది. పై సంవత్సరం పదోతరగతికి వచ్చే ఆడపిల్ల వున్న ఇల్లు మాది. జీతంలేని సెలవు ఇంకా పొడిగించే వీలు కూడా లేదు.

పూర్వం ఈ జబ్బుకు మన సీమలో పెద్ద దిక్కు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. మిషన్‌వారు 1915లో తెరచిన శానిటోరియం అది. మా తాతగారి తమ్ముణ్ణి బళ్ళారి నుంచి అక్కడికే తీసుకువెళ్ళారని మా నాయన చెప్పేవాడు. ఆ కాలంలో శానిటోరియం అంటే గాలి, పాలు, గుడ్డు, మంచం. అయితే ఎప్పుడూ మంచమే కాదు. ఇంగ్లండులో ఫ్రిమ్లీ అనే చోట పేటర్సన్ అనే డాక్టరు 1905 తరువాత తన రోగులకు మందు కొలిచినట్లు నడక కొలిచి యిచ్చేవాడు. కొంత నడక, అది తట్టుకుంటే బుట్ట మోత, అదీ తట్టుకుంటే పారపని. తరువాత మందులు వచ్చాయి. ఇంట్లో వుండి మందులు పుచ్చుకొన్నవారికీ, శానిటోరియంలో పడుకొని పుచ్చుకొన్నవారికీ గుణంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన తేల్చింది. ఆ ఫలితాలు 1959లో వెలువడ్డాయి. మంచం పోయింది, మంచిదే. దానితోబాటు ఆ కొలిచిన నడక కూడా పోయిందే అని నా బాధ. మాత్రలు అయిపోయిన మరునాటి నుంచి మనిషి ఏంచెయ్యాలో చెప్పే నాథుడు లేడు.

నాకు చెప్పినవారు మా పక్కింటి మేష్ట్రు. డ్రిల్లు మాస్టరుగా రిటైరయిన కన్నడిగులు. ఆయన కన్నడంలో అడుగుతారు, నేను తెలుగులో జవాబు చెబుతాను. ఇరవైయేళ్ళుగా ఇద్దరికీ ఏ లోటూ రాలేదు. 1953లో బళ్ళారి మైసూరు వైపు వెళ్ళి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచిపోయినప్పుడు పెద్దలు పడిన తగవులు మా పిట్టగోడ దాకా రాలేదు సుమండీ!

ముందు వానాకాలమంతా ఆయన నన్ను తెల్లవారుజామున మన కోటగుట్ట ఎక్కించారు. మొదటి వారం పట్టుమని అరవై మెట్లు. ఆయన విధించిన నియమం ఒక్కటే: మాట్లాడుతూ ఎక్కాలి, వాక్యం మధ్యలో తెగితే కూర్చోవాలి. "నిధాన స్వామి, నిధాన" అనేవారు. దసరా నాటికి పైకోట వాకిలి చేరాను. సంతోషపడబోతే ఆయన తల అడ్డంగా ఊపారు.

"గుట్టదేముంది? అలిసిపోతే దిగివస్తారు. దిగడానికి బలం అక్కర్లేదు. గండి అలా కాదు. ముందు దింపుతుంది, అలిసిన తరువాత ఎక్కిస్తుంది. రేపటి బలం మీద అప్పు చెయ్యకుండా నడవడం గండిలోనే తెలుస్తుంది" అన్నారు. రోగం తిరిగినవాడికి ఇంతకంటె పనికివచ్చే మాట నేను వినలేదు.

గండి అనే మాట మన రెండు భాషలదీ. చెరువుకు పడితే నష్టం, కొండకు పడితే ఏటికి దారి. 1949 వరకు ఘోర్పడేల సంస్థానంగా వున్న సండూరు లోయను చుట్టిన కొండలలో అటువంటివి వున్నాయి: ఓబళగండి, భీమగండి. నారిహళ్ళ ఏరు ఆ కొండలను కోసుకొని పోతుంది. కార్తికం మొదలు ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సులో అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఇనపరాయి లారీల ఎర్రదుమ్ముకు ముక్కుకు తువ్వాలు కట్టుకోవలసిందే. ఈ జిల్లాలో ఊపిరితిత్తులు బాగు చేసుకోవాలనుకోవడం ఒక విచిత్రమే. రోడ్డు వదిలి గట్టు చాటుకు వెళితే మాత్రం గాలి శుభ్రం, పసుపెక్కిన బోద, ఎర్రని రాయి. సంచిలో జొన్నరొట్టె, గురెళ్ళ పొడి, సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ. గట్టు మీద నుంచి ఏటివైపు మొదటి ఆదివారం పావు వంతు దిగి వెనక్కు తిరిగాం. మేష్ట్రు గడియారం చూసేవారు. దిగడానికి ఇరవై నిమిషాలయితే ఎక్కడానికి నలభై వుంచుకోవాలి. సంక్రాంతికి ఏటి నీళ్ళలో కాళ్ళు పెట్టి తిరిగి పైకి వచ్చాను. వాక్యం తెగలేదు.

ఆ ధైర్యంతోనే 2025 ఫిబ్రవరిలో గండికోటకు బయలుదేరాం. గుంతకల్లు మీదుగా రైలులో ముద్దనూరు, అక్కడి నుంచి జమ్మలమడుగు, ఆపైన ఆటో. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. ఆరునెలలు రాత్రిళ్ళు నా దగ్గు లెక్కపెడుతూ మేలుకొన్న మనిషి. కళ్ళతో చూస్తేగాని నమ్మనన్నది. పెమ్మసానివారి కోట, మాధవస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు అన్నీ చూశాం గాని, వాటి సంగతి తెలిసినవారు చాలామంది వ్రాశారు. నేను చూడవచ్చింది పెన్న. కన్నడదేశంలో నందికొండల దగ్గర పుట్టి, తెలుగుదేశంలో పెరిగి, ఇక్కడ ఎర్రమల కొండలను నిలువునా చీల్చింది. ఇటుకలు పేర్చినట్లు పొరలు పొరలుగా ఎర్రని రాయి, అడుగున ఆకుపచ్చని నీరు. లోతు సుమారు 300 అడుగులు.

దీనిని ఇప్పుడు అందరూ భారతదేశపు గ్రాండ్ కానియన్ అంటున్నారు. నాకు ఆ పేరు నచ్చదు. అది సుమారు మైలు లోతు. దీని అందం దీనిది. కాని అక్కడి పార్కువారు చెప్పే మాట మా మేష్ట్రు మాటే కావడం చూసి ఆశ్చర్యపడ్డాను. ఒక్కరోజులో నది దాకా దిగి తిరిగి రావాలని ప్రయత్నించవద్దని బోర్డులు పెట్టారట. ఎక్కడానికి, దిగినదానికి రెండింతల కాలం వుంచుకోమంటారట.

మా ఆవిడ అంచున నీడ చూసుకొని కూర్చుంది. మేము రాళ్ళ మధ్యగా దిగాం. అక్కడ దారి అనేది పేరుకే. ఒక రాతి మీద నుంచి ఇంకొక రాతి మీదికి చేతులు ఆనించి జారడమే. మేం పెట్టుకొన్న గడువు నలభై నిమిషాలు. గడువు అయ్యేసరికి నీళ్ళు ఇంకా నాలుగు నిలువుల కింద వున్నాయి. చేప ఎగిరితే కనిపిస్తున్నది. రాయి అప్పుడే వేడెక్కుతున్నది. మేష్ట్రు ఏమీ అనలేదు, గడియారం నాకేసి తిప్పారు, అంతే. నేనే వెనక్కు తిరిగాను. ఎక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆరుసార్లు కూర్చున్నాం. మూడోసారి కూర్చున్నప్పుడు తొడలు వణికాయి గాని ఊపిరి నిలకడగానే వుంది.

పైకి రాగానే మా ఆవిడ నా ముఖం చూడలేదు. వీపు మీద చెయ్యివేసి, అలాగే కాసేపు వుంచి, "ఏదైనా మాట్లాడండి" అన్నది. మజ్జిగ ఇమ్మన్నాను.

ఇప్పుడు నా బరువు 58. ఫైళ్ళతో రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతున్నాను. లోటా ఇంకా ఆ కిటికీలోనే వుంది. నేను మార్చలేదు, అక్కడ గాలి తగిలి నీళ్ళు చల్లగా వుంటున్నాయి. ఎండలు ముదిరితే గండి జోలికి పోము. ఏప్రిల్, మే నెలల్లో మన బళ్ళారి రాయి మీద కాలు పెట్టగలిగేదెవరు? ఆ రోజుల్లో కోటగుట్టే, అదీ సూర్యుడు రాకముందే. పెన్న నీళ్ళు ముట్టుకోవడం మాత్రం బాకీ వుంది. వచ్చే చలికాలం మా అమ్మాయి కూడా వస్తానంటున్నది. ఆ పిల్లకు పరుగు జాస్తి, గడియారం మీ చేతిలోనే వుండాలి అని మేష్ట్రు ఇప్పటినుంచే హెచ్చరిస్తున్నారు.