విస్లర్ కొండవాలున పదహారవ మలుపు

కెనడా దేశపు పశ్చిమ తీరాన, వాంకూవర్ నగరం నుండి ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్లు వెళితే విస్లర్ అనే పర్వత పట్టణం వస్తుంది. దారికి ఒక ప్రక్క సముద్రపు పాయ, మరో ప్రక్క నిటారుగా లేచిన కొండలు. అక్కడి రాళ్ల సందుల్లో నివసించే మార్మట్ అనే జంతువు అచ్చం ఈల వేసినట్లు కూస్తుంది. పట్టణానికి ఆ పేరు వచ్చింది ఆ ఈల వల్లనే. శీతాకాలంలో కొండలూ అడవులూ తెల్లని దుప్పటి కప్పుకున్నట్లుంటాయి. సృష్టికర్త పనితనం ముందు మనిషి తన పరిమితిని గుర్తెరిగే చోటు అది.

ఆ పట్టణాన్ని ఆనుకొని ఉన్న బ్లాక్‌కోమ్ పర్వతంపై, కాంక్రీటుతో కట్టిన కాలువ వంటి దారి ఒకటి ఉంది. 2010 నాటి శీతాకాల ఒలింపిక్ క్రీడల కొరకు దీనిని నిర్మించారు. పొడవు 1,450 మీటర్లు, మలుపులు 16, ఎగువ నుండి దిగువకు దిగుడు 152 మీటర్లు. కాంక్రీటులో అమర్చిన గొట్టాల గుండా అమోనియాను పంపి, పైన అద్దం వంటి మంచుగడ్డ నిలిచేలా చేస్తారు.

ఈ దారిపై ఆడే ఆటల్లో లూజ్ ఒకటి. చిన్న బండిపై వెల్లకిలా పడుకొని, పాదాలు ముందుకు చాచి జారిపోవాలి. బండికి బ్రేకు ఉండదు. పిక్కలతో, భుజాలతో నొక్కుతూ దారి మళ్లించుకోవాలి. స్కెలిటన్ అనే ఆటలోనైతే బోర్లా పడుకొని, తల ముందుంచి జారుతారు. మలుపుల్లో శరీరంపై దాని బరువుకు అనేక రెట్ల ఒత్తిడి పడుతుంది. ఏళ్ల తరబడి ఆడినవారిలో పలువురు ఎడతెగని తలనొప్పితో, మతిమరపుతో బాధపడిన ఉదంతాలూ ఉన్నాయి.

నోదర్ కుమారితాష్విలి జార్జియా దేశంలోని బకూరియానీ అనే కొండ ఊరి యువకుడు. వయస్సు 21 సంవత్సరాలు. తండ్రి కూడా ఒకప్పుడు ఇదే ఆట ఆడినవాడు. విస్లర్‌కు వచ్చాక నోదర్ తండ్రికి ఫోను చేసి, ఒక మలుపు తనను భయపెడుతోందని చెప్పాడు. పాదాలు మంచుకు ఆనించి వేగం తగ్గించుకోమని తండ్రి సలహా ఇచ్చాడు. మొదలుపెడితే పూర్తిచేసే తీరతానన్నది కుమారుని జవాబు.

2010 ఫిబ్రవరి 12న, ప్రారంభోత్సవానికి కొన్ని గంటల ముందు, సాధన చేస్తుండగా చివరిదైన పదహారవ మలుపులో అతని బండి అదుపు తప్పింది. అప్పటి వేగం గంటకు సుమారు 144 కిలోమీటర్లు. అంటే ఒక్క సెకనులో 40 మీటర్లు! గోడ మీదుగా ఎగిరిపడి, మెత్తని తొడుగేదీ లేని ఉక్కు స్తంభానికి కొట్టుకొని ప్రాణాలు విడిచాడు.

దారిలో లోపం లేదని, ఆటగాడు మలుపు నుండి ఆలస్యంగా బయటపడి బండిని సరిదిద్దుకోలేకపోయాడని నిర్వాహకులు ప్రకటించారు. అయినా మరునాటికల్లా అక్కడి గోడ ఎత్తు పెంచారు, స్తంభాలకు మెత్తని తొడుగులు కట్టారు, బయలుదేరే స్థానాన్ని దిగువకు జరిపారు. లోపమే లేకుంటే ఇన్ని మార్పులెందుకు? అధిక వేగం, దారి కాఠిన్యం, ఆ దారితో అతనికి చాలినంత పరిచయం లేకపోవడం, ఇవన్నీ కలిసి ప్రమాదానికి దారితీశాయని తదుపరి అధికారిక విచారణ తేల్చింది. ఆట ఏర్పాటు చేసినవాడికీ బాధ్యత ఉంటుంది. మృతుడు తన పక్షాన మాట్లాడలేడు గనుక భారమంతా అతనిపై మోపడం న్యాయం కాదు.

ఆరేళ్ల తర్వాత అదే దేశంలోని కాల్గరీ నగరంలో మరో దుర్ఘటన జరిగింది. 2016 ఫిబ్రవరిలో ఒక రాత్రి, క్రీడా కేంద్రం మూసివున్న వేళ, ఎనిమిది మంది కుర్రవాళ్లు లోపలికి చొరబడి ప్లాస్టిక్ బండ్లపై ఆ దారి వెంట జారారు. దారికి అడ్డంగా వేసివున్న గేటుకు ఢీకొని 17 ఏళ్ల కవల సోదరులిద్దరూ మరణించారు. ఒకే ఇంటి నుండి రెండు జనాజాలు లేస్తే ఆ తల్లిదండ్రుల స్థితి ఎలా ఉంటుందో ఊహించండి.

మన దేశంలోనూ ఈ ఆటకు ఒక పేరుంది. మనాలి సమీపంలోని వశిష్ఠ్ గ్రామానికి చెందిన శివ కేశవన్ 1998 నుండి 2018 వరకు ఆరుసార్లు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. సరైన మంచుదారి లేక, బండికి చక్రాలు బిగించి, వాహనాలు తిరిగే హిమాలయ రహదారులపై సాధన చేశాడు. ఆ పట్టుదల మెచ్చదగినదే. కానీ ఆ వీడియోలు చూసి మన పిల్లలు అనుకరించబూనితే, అతనికున్న శిక్షణ వీరికి లేదన్న సంగతి పెద్దలే చెప్పాలి.

మన కుటుంబాలు గుల్‌మర్గ్‌కో, మనాలికో వెళ్లినప్పుడు పిల్లలు మంచుబండి ఎక్కాలని మారాం చేయడం సహజం. ఎక్కించవచ్చు. అయితే వాలు చివర చెట్లు, స్తంభాలు, రాళ్లు, రోడ్డు ఉన్నాయేమో ముందుగా మీరే నడిచి చూడండి. తలకు హెల్మెట్ పెట్టించండి. తల ముందుంచి జారనివ్వకండి. చీకటి పడ్డాక అసలే వద్దు. "అబ్బా, భయమేస్తోంది" అని బిడ్డ అంటే, "పిరికివాడివా?" అని నలుగురిలో నవ్వకండి. ప్రాణం మన సొత్తు కాదు, అమానతు. దానిని కాపాడుకొమ్మని హెచ్చరించడానికే మనసులో ఆ భయం ఉంచబడింది. బిడ్డ చేయి పట్టుకొని క్రిందికి నడిపించుకు రండి. ఆ మంచులో నడక కూడా వారికి చిరకాలం గుర్తుండే ఆనందమే.