గండికోటలో చెప్పకుండా వదిలేసిన కథ

గండికోట అనగానే ఎవరి ఫోనులోనైనా దొరికేది ఒకటే ఫోటో. ఎర్రటి బండల మధ్య పెన్నా, అంచున కాళ్ళు వేలాడేసుకుని ఓ మనిషి. పోయిన సంక్రాంతి సెలవుల్లో రాయచోటి నుంచి నేనూ, నా స్కూలు స్నేహితుడూ కడప, జమ్మలమడుగు మీదుగా అక్కడికి పోయినాం. నాకు మాత్రం లోయ కన్నా కోట లోపలి కట్టడాల మీదే ధ్యాస. పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకునే అలవాటుంది కదా, రాళ్ళను కూడా అట్లే చదవొచ్చనుకున్నా.

వాడు ముస్లిం. ఇది ముందే చెప్పాలి. ఆరోజు నేను చేసిన పనికి కారణం అదే.

జామియా మసీదుకు విశాలమైన ఆవరణ, చుట్టూ చిన్న గదుల వరుస, కమానుల నమాజు హాలు, రెండు మినార్లు. పక్కనే ధాన్యాగారం. కాస్త దూరంలో మాధవరాయ గుడి గోపురం, విజయనగర శైలిలో. ఈ కోట పెమ్మసాని నాయకులది. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తరఫున మీర్ జుమ్లా దాన్ని గెలిచాడు. మసీదు ఆయన కట్టించిందే అంటారు.

ఇవన్నీ వాడికి చెప్తా నడిచినా. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, గోల్కొండలో మంత్రి అయ్యాడు. ఆఖరికి ఆ సుల్తానునే వదిలి మొగలుల కొలువులో చేరి, 1660లో బెంగాల్ సుబేదారు అయ్యాడు. ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే 1652లో తన సరుకు చూపించడానికి ఈ కోటకే వచ్చాడు.

అక్కడితో ఆపేశా. తావెర్నియే ఇంకో సంగతి కూడా రాశాడు. ఫిరంగులు పోతపోయడానికి మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలు పోగు చేయించాడనీ, గండికోట గుడిలోని ఆరు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదనీ. అది నేను చెప్పలేదు.

మాధవరాయ గుడి గర్భాలయం ఖాళీ. వాడు గడప దగ్గర నిలబడి, "ఈడ దేవుడు యాడికి పోయినాడ్రా?" అన్నాడు.

"ఏమో, ఎప్పుడో తీసేసినట్టుండారు" అన్నా.

బయట టీ తాగేటప్పుడు వాడే ఎత్తినాడు. "ఫిరంగుల కథ నాకు తెలుసులేరా. తెలిసే అడిగినా. అట్లాంటివి నాకు రోజుకు నాలుగు ఫార్వర్డులు వస్తాయి, ఎవరు రాసిందో, ఎప్పుడు రాసిందో ఏమీ ఉండదు. నువ్వన్నా పేరుతో, సంవత్సరంతో చెప్తావనుకున్నా."

నాకు నోట మాట రాలేదు. మా ఊరి వీరభద్రస్వామికి ముస్లింలూ మొక్కుకుంటారు. బయటివాళ్ళకు ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటా పెరిగినోళ్ళం. మంచి కథలు చెప్పడం మాకు బాగా వచ్చు. చేదు కథ దగ్గరికొచ్చేసరికి మర్యాద అనుకుని నోరు మూసుకుంటాం. కానీ ఆ మర్యాదలో నేను చేసిందేమిటి? నాతో పాటు ఒకే బెంచీ మీద కూర్చున్న రాయచోటి పిల్లోణ్ణి, నాలుగొందల ఏళ్ళ కిందటి ఇరానీ సేనాని పక్కన నిలబెట్టినా. ఫార్వర్డులు చేసే పని కూడా అదే. వాళ్ళు అరిచి చేస్తారు, నేను మౌనంగా చేసినా.

టీ డబ్బులిచ్చి మళ్ళీ లోపలికి పోయినాం. ఈసారి తావెర్నియే రాసింది రాసినట్టు చెప్పినా. వాడు మధ్యలో ప్రశ్నలేసినాడు. సుల్తానుకే ద్రోహం చేసినోడు మతం కోసం చేసినాడా, రాగి కోసం చేసినాడా అన్నాడు. రాగి అవసరం అయితే కనపడుతోంది, మనసులో ఏముందో ఈ గోడలు చెప్పవు అన్నా. అయినా ఖాళీ గర్భాలయం ఖాళీగానే ఉంది కదా అన్నాడు. అవునన్నా.

తిరిగొస్తా ఒకటి గమనించినా. గుడి తూర్పు ముఖం, నమాజు హాలు తెరుచుకునేదీ తూర్పుకే. దేంట్లోకి పోయినా మనిషి పడమటికే చూస్తాడు. ఇదేదో పెద్ద సంగతి కనుక్కున్నట్టు వాడికి చెప్పినా.

"మక్కా పడమర ఉంది, అంతేరా. దాన్ని కూడా వ్యాసం చేయొద్దు" అన్నాడు.