లాయరుకీ రెండు గుమ్మాలు

అమెరికాలో ఇమిగ్రేషన్ లాయరు ఎక్కాల్సిన గుమ్మాలు రెండు. హెచ్-1బీ, గ్రీన్‌కార్డు ఫైళ్లు చూసే యూఎస్‌సీఐఎస్ దగ్గర కేసుకో జి-28 ఫారం, అంటే ఈ క్లయింటుకు లాయరును నేనేనని చెప్పే కాగితం. క్లయింటూ లాయరూ సంతకాలు చేసి పంపాలి. ఆ కాగితం చదవకుండానే సంతకం గీకిన తెలుగు ఇంజనీర్లకు లెక్కలేదు లెండి.

ఇమిగ్రేషన్ కోర్టు సంగతి వేరు.

అది న్యాయశాఖ కింద నడుస్తుంది. అక్కడ వాదించే లాయర్లకు 2013లో ఈ-రిజిస్ట్రీ వచ్చింది. ఆన్‌లైన్‌లో వివరాలు నింపి, ఫొటో గుర్తింపు కార్డు చూపించి, నేనే నేనని రుజువు చేసుకుంటేనే ఐడీ నంబరు. ఎంత సీనియరైనా అంతే. పేరెక్కాక కూడా కేసుకేసుకీ అలాంటిదే ఈఓఐఆర్-28 ఫారం దాఖలు చేయాల్సిందే.

తమాషా ఏమిటంటే, ఇమిగ్రేషన్ చట్టం ఫెడరల్ చట్టం. అందుకే టెక్సస్ లైసెన్సున్న లాయరు న్యూజెర్సీ ఇమిగ్రేషన్ కోర్టులోనూ నిలబడొచ్చు.