వంటయింటి లెక్కలు

అంకగణితములో వాక్యరూపమున నిచ్చు లెక్కలనిన మన విద్యార్థులలో ననేకులకు భయము. గుణకార భాగహారములు చక్కగా వచ్చినవారికిని లెక్కను చదువగానే కలము నిలిచిపోవును. ఇందుకు కారణము బుద్ధిమాంద్యము కాదు. చదివిన మాటలను వస్తువులుగా మనస్సునందు చూడకుండుటయే.

నా తరగతిలో నొక బాలిక యుండెను. ఆమె తల్లి దోసెలమ్మి కుటుంబమును పోషించుచుండెను. "మాస్టరుగారూ, నాకు లెక్కలు రావండి, బడి మాని అమ్మకు సాయముగా నుండెదను" అని యామె యొకనాడు చెప్పెను. ఆ దినమున నేను తరగతికి నిచ్చిన లెక్క యిది: బియ్యము, మినపపప్పు 3 : 1 నిష్పత్తిలో కలుపవలెను, మొత్తము 10 గ్లాసులు కావలెనన్న నొక్కొక్కటి యెంత? పలువురు 10ని 3చే భాగించిరి. పప్పు బియ్యములో మూడవ వంతే గాని మొత్తములో మూడవ వంతు కాదు గదా!

ఆ బాలికను, "మూడు గ్లాసుల బియ్యము, ఒక గ్లాసు పప్పు పోసిన, గిన్నెలో నెన్ని గ్లాసులుండును?" అని యడిగితిని. "నాలుగండి." "అందులో పప్పు ఎంత?" "పావు వంతండి." అంతట తానే 10ని 4చే భాగించి, పప్పు 2½, బియ్యము 7½ గ్లాసులని నల్లబల్లపై వ్రాసెను. బడి మానెదనను మాట యామె మరల నెత్తలేదు.

పావు, అర, ముప్పావు అనునవి మన పెద్దలకు పుస్తకములవలన వచ్చినవి కావు. పూర్వము నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము. 1956 నాటి చట్టముచే మెట్రిక్ కొలతలు ప్రవేశించినను, ఆ భిన్నములు మన నోట నిలిచియే యున్నవి.

అయినను ఒక హెచ్చరిక. ఒక గ్లాసు పప్పు నాలుగు గంటలు నానవలెనన్న, రెండు గ్లాసుల పప్పు ఎనిమిది గంటలు నానవలయునా? అక్కరలేదు. పప్పు హెచ్చిన నీరు హెచ్చును గాని కాలము హెచ్చదు. కావున ఏది దేనితో పెరుగునో ముందు విచారింపవలెను.

విద్యార్థులారా, లెక్కను చదివినప్పుడు పాళ్లెన్ని, అవి కలిసి యెంత, ఇచ్చినది పాలా మొత్తమా యని ప్రశ్నించుకొనుడు. తల్లులారా, వంటవేళ కొలతగ్లాసును మీ బిడ్డల చేతికిండు. కుమారుల చేతికిని ఇండు. బడిలో మేము చెప్పు నిష్పత్తి వారికి మీ గిన్నెలోనే కనబడును.