సైన్యం లోపలే ఉంది, అయితే?

2025 మేలో సరస్వతీ పుష్కరాలకి మా బాపుని కాళేశ్వరం తీసుకెళ్ళాను. పుణ్యం సంగతి అటుంచితే, నాకు ఆయనతో వేరే పనుంది. నెల క్రితం చెప్పిన ఓ తప్పు మాట వెనక్కి తీసుకోవాలి.

విషయమేంటంటే, ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సర్. రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంటే "వయసు బాపూ" అని తేల్చేసిందీ నేనే. పీఎస్ఏ అంకె ఎక్కువొచ్చి, బయాప్సీ చేశాక బయటపడింది. రిపోర్టు చేతికి రాగానే మనవాళ్ళందరం చేసే పనే చేశాను, డాక్టరుకన్నా ముందు గూగుల్‌ని అడిగాను. అందులో ఓ లైను: గడ్డలో లింఫోసైట్లు బాగా చేరాయి. అంటే రోగనిరోధక కణాలు. ఇంకేం! "బాపూ, నీ సైన్యం అప్పుడే లోపలికి పోయింది, మంచి గుర్తు" అని ఫోన్లో చెప్పేశాను. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. అంతటితో ఆగితే బావుండేది. "సైన్యమే చూస్కుంటదట, ఇగ సూదులెందుకు?" అని హార్మోన్ ఇంజెక్షన్ వాయిదా వేశాడు.

నేనేం గాల్లోంచి చెప్పలేదు. గడ్డలో టి కణాలు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రోగి భవిష్యత్తుని స్టేజీకన్నా బాగా అంచనా వేయొచ్చని 2006లో జెరోమ్ గాలన్ బృందం సైన్స్ పత్రికలో చూపించింది. కాకపోతే అది పెద్దపేగు క్యాన్సర్. మనది ప్రోస్టేట్.

ఇక్కడ లెక్క అంత తిన్నగా ఉండదు. కొన్ని అధ్యయనాల్లో టి కణాలు ఎక్కువున్నవాళ్ళకి మేలు జరిగింది. మరికొన్నింట్లో, క్యాన్సర్‌ని చంపాల్సిన సీడీ8 కణాలు ఎక్కువున్నవాళ్ళకే జబ్బు త్వరగా తిరగబెట్టింది! మన భాషలో చెప్పాలంటే, టాస్క్ మేనేజర్లో యాంటీవైరస్ కనబడినంత మాత్రాన అది స్కాన్ చేస్తోందని కాదు. వచ్చిన కణాలు అలిసిపోయి ఉండొచ్చు. పక్కనే రెగ్యులేటరీ టి కణాలు వాటిని ఆపుతుండొచ్చు. కొన్ని మాక్రోఫేజ్‌లైతే ఏకంగా గడ్డకే ఎరువు వేస్తాయి.

మందుల సంగతీ అంతే. రోగి సొంత కణాలతోనే తయారుచేసే సిప్యూల్యూసెల్-టి టీకాకి 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్లో దానివల్ల కలిసొచ్చిన ఆయుష్షు సుమారు 4 నెలలు. రోగనిరోధక కణాల బ్రేకులు తీసే పద్ధతికి 2018లో ఆలిసన్, హోంజోలకి నోబెల్ వచ్చింది కదా, ఆ కోవలోని ఇపిలిముమాబ్‌ని ప్రోస్టేట్ మీద ప్రయోగిస్తే ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాలేదని 2014లో తేలింది. డీఎన్ఏ మరమ్మతు లోపమున్న కొద్దిమందిలో మాత్రం అలాంటి మందులు పనిచేస్తున్నాయి. మగ హార్మోన్‌ని అణిచేస్తే ఈ గడ్డ తగ్గుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించాడు. ఇప్పటికీ అదే పెద్ద ఆయుధం. బాపు వద్దంటున్న సూది అదే.

స్నానమయ్యాక గుళ్ళోకి వెళ్ళాం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, ఒకటి యముడు, ఒకటి శివుడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను.

"బాపూ, నీ గడ్డల ఉన్న కణాలు గూడ గట్లనే. అన్నీ ఒక్క తాననే ఉన్నయి. ఏది ఏ పక్కనో ఉత్తగ చూస్తే తెల్వది. నేనే తొందరపడి చెప్పిన."

కాసేపు గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకైతే తిడితే బావుండనిపించింది.

"ఊరందరికీ చెప్పుకుంటి గదరా" అన్నాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, "సూదెప్పుడు?" అన్నాడు.

"సోమవారం."

"సరే, పా."

మన ఇళ్ళల్లో రిపోర్టులు చదివి చెప్పే ఉద్యోగం మనకే పడుతుంది, ఇంగ్లీషు వచ్చు, నెట్టుంది కాబట్టి. కోడ్‌లో ఓ లైను తప్పు చదివితే బిల్డ్ ఫెయిలవుతుంది, సరిచేసుకుంటాం. ఇక్కడ తప్పు చదివితే ఎర్రమార్కు ఏదీ రాదు. అవతల మనిషి నమ్మేస్తాడు, అంతే.